కొత్తగా కారు నడిపేవారు అడిగితే ఎలా చెప్పాలి? అనుభవం ఉన్నవారికి కొన్ని మెట్లు

2024 సెప్టెంబరు మొదటి వారం. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. నీరు లాగుతున్న సమయంలో, కారు కొని ఆరు నెలలైనా నిండని ఒక కుర్రవాడు మా కార్ల మిత్రబృందంలో ఒక మాట అడిగాడు: "నీళ్ళు సీటు వరకు వచ్చి తగ్గాయి అన్నా. ఒకసారి స్టార్ట్ చేసి చూడనా?"

దానికి జవాబు ఒక్క మాట. వద్దు. కానీ ఆ ఒక్క మాటా రాలేదు. వరద వస్తుందని తెలిసి బండిని మెరకలో పెట్టుకోవద్దా అని ఒకరు మందలించారు. ఈ మాత్రం తెలియకుండా కారు ఎలా కొన్నావని మరొకరు అడిగారు. ఏ కంపెనీ ఇంజన్ నీటికి బాగా తట్టుకుంటుందో ఇద్దరు వాదించుకున్నారు. నేను ఆ సంభాషణ చూసి ఫోన్ చేసేసరికి గంట దాటింది. అతను అప్పటికే తాళం తిప్పాడు. ఠక్కుమని శబ్దం వచ్చి ఇంజన్ పట్టేసిందని చెప్పాడు.

జరిగింది మనకు తెలిసిందే. ఎయిర్ ఫిల్టర్ దారిలో సిలిండర్‌లోకి నీరు చేరింది. పిస్టన్ గాలిని నొక్కగలదు గానీ నీటిని నొక్కలేదు. ఆ బలమంతా కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగిపోతుంది. తాళం ముట్టుకోకుండా ఉంటే ఆయిల్ మార్చి, నీరు తీసి, వైరింగ్ ఆరబెట్టుకుని బయటపడే అవకాశం ఉండేది. పైగా, నీటిలో మునిగిన బండిని స్టార్ట్ చేయడం వల్ల ఇంజన్ పాడైతే, ఇంజన్ రక్షణ కోసం మామూలు పాలసీకి అదనంగా తీసుకునే కవర్ లేనిదే బీమా కంపెనీలు సాధారణంగా ఆ ఖర్చు ఇవ్వవు.

ఆ రోజు నుంచి కొత్తవారు ఏది అడిగినా నాకు ఒకటే కనిపిస్తుంది. అడిగిన మనిషి చెయ్యి ఇప్పుడు తాళం మీద ఉంది. మనం ఏది చెబితే అది చేయబోతున్నాడు. ఇరవై ఏళ్ళుగా బండ్లతో గడిపిన మీకు అది చిన్న ప్రశ్న కావచ్చు, అతనికి మాత్రం అది ఇంటిల్లిపాదీ పొదుపు చేసి కొన్న వస్తువు. అందుకే జవాబు చెప్పడానికి నేను ఒక వరుస పెట్టుకున్నాను. మీకూ పనికివస్తుందని రాస్తున్నాను.

1. బండి కదలవచ్చా, కదలకూడదా? ముందు అది తేల్చండి

ప్రశ్న ఎంత తికమకగా ఉన్నా, మొదట చూడవలసింది ఇదే. కదలకూడని సందర్భాలు కొన్నే ఉన్నాయి. నూనె డబ్బా బొమ్మతో ఎర్ర దీపం వెలిగింది. వేడి ముల్లు ఎర్ర గీత దాటింది. బ్రేకు తొక్కితే పెడల్ లోపలికి దిగిపోతోంది. క్యాబిన్‌లో పెట్రోలు వాసన వస్తోంది. టైరు పక్క గోడ మీద బుడిపె లేచింది. బండి నీటిలో మునిగింది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మీ జవాబులో మొదటి వాక్యం "బండి ఆపండి" లేదా "స్టార్ట్ చేయకండి" అయి ఉండాలి. కారణాలు, పాఠాలు, జాగ్రత్తలు అన్నీ దాని తరువాతే.

నూనె దీపం విషయంలో ఇంకాస్త గట్టిగా చెప్పండి. "షెడ్డు రెండు కిలోమీటర్లే, మెల్లగా వెళ్ళిపోతాను" అంటారు. ఆయిల్ ప్రెజర్ లేని ఇంజన్‌లో బేరింగుల మధ్య నూనె పొర నిలవదు, లోహం లోహాన్ని రాసుకుంటుంది. ఆ రెండు కిలోమీటర్లకే ఇంజన్ పోవచ్చు. వేడెక్కిన బండి అయితే రేడియేటర్ మూత ముట్టుకోవద్దని తప్పకుండా చెప్పండి. లోపల ఒత్తిడిలో మరుగుతున్న కూలెంట్ మూత తీయగానే ముఖాన చిమ్ముతుంది. మీకు ఇది ఎప్పుడో తెలుసు. అతను మాత్రం నీళ్ళ సీసా చేతిలో పట్టుకుని బోనెట్ ఎత్తి నిలబడి ఉంటాడు.

మునిగిన బండికి ఈ వరుస చెప్పండి: స్టార్ట్ చేయవద్దు, గేరులో పెట్టి తోయవద్దు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. నీరు ఎంతవరకు వచ్చిందో గుర్తు కనిపించేలా ఫోటోలు తీయండి. బీమా కంపెనీకి ఫోన్ చేయండి. బండిని లారీ మీద ఎక్కించి తీసుకువెళ్ళమనండి.

మన ప్రాంతంలో తరచుగా వచ్చే మరో ఫోన్ ఘాట్ రోడ్డు నుంచి వస్తుంది. కొత్త కారు కొంటే తిరుమల వెళ్ళిరావడం మనలో చాలామందికి ఆనవాయితీ. కొండ దిగుతూ సగం దారిలో ఆగి, "చక్రాల దగ్గర కాలిన వాసన వస్తోంది, పొగ కూడా కనిపిస్తోంది" అంటారు. వెనుక సీట్లో పిల్లలు, పెద్దలు ఉంటారు. అప్పుడు గొంతు పెంచకండి. "కంగారు లేదు. సురక్షితమైన చోట పక్కకు ఆపండి. గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెట్టండి. అరగంట కదలకండి. చక్రాల మీద నీళ్ళు పోయకండి." ఇంతే చెప్పండి. కాలిపోతున్న డిస్కు మీద చన్నీళ్ళు పడితే అది వంకర పోవచ్చు. బయలుదేరేటప్పుడు రాయిని రోడ్డు పక్కకు తీసేయమని కూడా చెప్పండి, వెనుక వచ్చే బండి దాన్ని చూసుకోకపోవచ్చు.

బ్రేకులు చల్లారే ఆ అరగంటలోనే కారణం చెప్పవచ్చు. దిగుడంతా బ్రేకు మీదే కాలు ఉంచితే ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోతాయి, వేడి ఇంకా పెరిగితే బ్రేకు ద్రవం మరిగి పెడల్ దిగిపోతుంది. ఎక్కడానికి ఏ గేరు పడిందో దిగడానికీ అదే గేరు వాడాలని లారీ డ్రైవర్లు చెప్పే మాట చెప్పండి. ఆటోమేటిక్ బండి అయితే మాన్యువల్‌లో పెట్టి రెండో గేరు ఉంచమనండి. ఆ సౌకర్యం లేకపోతే తక్కువ గేరుకు గుర్తయిన "ఎల్"లో పెట్టమనండి. ఈ ఒక్క విషయం వారికి జన్మంతా గుర్తుంటుంది. భయపడిన రోజు నేర్చుకున్నది మరిచిపోరు.

2. తిరిగి అడగండి, వారికి తెలిసిన మాటల్లో అడగండి

ప్రమాదం లేదని తేలాక తొందర లేదు. కొత్తవారి ప్రశ్న సాధారణంగా సగమే ఉంటుంది. "బండికి పికప్ లేదు" అంటారు. దాని వెనుక పది కారణాలు ఉండవచ్చు. హ్యాండ్ బ్రేకు సగం లాగి ఉండవచ్చు, చిన్న ఇంజన్ మీద ఏసీ భారం పడుతూ ఉండవచ్చు, క్లచ్ అరిగి ఉండవచ్చు, మూడో గేరులో వంతెన ఎక్కుతూ ఉండవచ్చు. ఏదో ఒకటి ఊహించి చెప్పేస్తే వారు షెడ్డుకు వెళ్ళి మీ పేరు చెప్పి ఆ భాగమే మార్పించుకుంటారు. క్లచ్ ప్లేటు మార్చాక కూడా సమస్య అలాగే ఉంటే ఆ డబ్బు ఎవరిది?

బండి పేరు, ఏ సంవత్సరంది, పెట్రోలా డీజిలా, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అన్నవి ఎలాగూ అడుగుతారు. తరువాతి ప్రశ్నలే నేర్పుతో అడగాలి. "ఐడ్లింగ్ రఫ్‌గా ఉందా" అంటే కొత్తవారికి తెలియదు. "సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు స్టీరింగ్ వణుకుతోందా" అంటే వెంటనే చెబుతారు. "క్లచ్ స్లిప్ అవుతోందా" అనకండి. "యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ హోరు పెరిగి, వేగం మాత్రం పెరగడం లేదా" అనండి. శబ్దం గురించి అయితే అది ఉదయం మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు వస్తోందా, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడా, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడా అని విడదీసి అడగండి. ఫోన్‌లో ఆ శబ్దం రికార్డు చేసి పంపమనండి. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగితే ఫోటో అడగండి. "పసుపు రంగులో ఏదో వెలుగుతోంది" అన్న మాట కంటే ఫోటో వెయ్యి రెట్లు మేలు.

మైలేజీ ప్రశ్నకూ ఇదే వర్తిస్తుంది. "కంపెనీ 20 అన్నారు, నాకు 14 వస్తోంది, బండి పాడైందా?" కంపెనీ చెప్పేది పరీక్షశాలలో రోలర్ల మీద ఒక నిర్ణీత పద్ధతిలో నడిపి తీసిన అంకె. మన ట్రాఫిక్ అందులో ఉండదు. ముందు ఎలా లెక్కపెట్టారో అడగండి. ట్యాంకు నిండా, పంపు దానంతట అది ఆగేవరకు పోయించి, కిలోమీటర్ల మీటరు సున్నా చేసి, నాలుగు వందల కిలోమీటర్లు నడిపాక మళ్ళీ అలాగే నింపమనండి. 420 కిలోమీటర్లకు 30 లీటర్లు పట్టిందంటే లీటరుకు 14. ఆ లెక్క వారే చేసుకోవాలి. ఒకసారి చేస్తే, మరుసటిసారి మైలేజీ నిజంగా పడిపోయినప్పుడు మనకంటే ముందు వారే పసిగడతారు.

3. వందోసారి విన్న ప్రశ్నను మొదటిసారి విన్నట్టు వినండి

"టైర్లలో గాలి ఎంత ఉండాలి?" దీన్ని నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. "బండితో ఇచ్చిన పుస్తకం చదవండి" అని తోసేయడం తేలిక. కానీ ఇది చాలా మంచి ప్రశ్న. బంకులో గాలి పట్టే మనిషి అన్ని కార్లకూ ఒకటే కొలత పెట్టి పంపుతాడు, దాన్ని అనుమానించిన మనిషే ఇలా అడుగుతాడు. అనుమానించడం తెలిసిన మనిషిని చులకన చేయకూడదు.

చెప్పవలసింది కూడా పెద్దదేమీ కాదు. డ్రైవర్ తలుపు తెరిస్తే చట్రం మీద ఒక స్టిక్కర్ కనిపిస్తుంది, కొన్ని బండ్లలో పెట్రోలు మూత లోపల ఉంటుంది. దాని మీద ముందు చక్రాలకు ఎంత, వెనుక చక్రాలకు ఎంత, నిండా మనుషులున్నప్పుడు ఎంత అని రాసి ఉంటుంది. బండి కొన్ని గంటలు ఆగి టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. నడిచి వచ్చిన టైరులో గాలి మూడు నాలుగు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీయించేయకూడదు. నైట్రోజన్ తప్పనిసరా అని తరువాత అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, నెలకోసారి కొలిపించుకుంటే మామూలు గాలి చాలు. అదే ఊపులో టైరు వయసు చూడడం కూడా నేర్పండి. పక్క గోడ మీద చివరి నాలుగంకెలు 2324 అని ఉంటే అది 2024లో 23వ వారం తయారైన టైరు. పాత కారు కొనబోయేవారికి ఇది చాలా ఉపయోగపడుతుంది.

ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. అడిగింది మహిళ అయితే జవాబు ఆమెకే చెప్పండి. "మీవారికి ఫోన్ ఇవ్వండి, ఆయనకు చెబుతాను" అనడం నేను నా కళ్ళముందే చాలాసార్లు చూశాను. స్టీరింగ్ పట్టుకునేది ఆమె. రోడ్డు మీద దీపం వెలిగినప్పుడు చూసేదీ, ఆపవలసిందీ ఆమే. మధ్యలో మరొకరి ద్వారా వెళ్ళిన సమాచారం అవసరమైన క్షణానికి అందదు.

నాకు కారు గురించి మొదట నేర్పింది విజయవాడ ఆటోనగర్‌లో ఒక వయసు మళ్ళిన మేస్త్రి. ఆయిల్ తగ్గిందో లేదో ఎలా తెలుస్తుందని అడిగితే ఆయన మాటతో చెప్పలేదు. బోనెట్ ఎత్తి, నా చేత్తోనే డిప్‌స్టిక్ బయటకు లాగించి, గుడ్డతో తుడిపించి, మళ్ళీ పెట్టించి, మళ్ళీ తీయించారు. రెండు గుర్తుల మధ్య నూనె తడి చూపించి, "ఇక ఎవరినీ అడగనక్కరలేదు బాబూ" అన్నారు. అంతకు వారం ముందు అదే ప్రశ్నకు మరోచోట నవ్వులు విన్నాను. మేస్త్రిగారి దగ్గరకు వెళ్ళకపోయి ఉంటే ఆ నవ్వుల తరువాత మరెవరినీ అడిగేవాణ్ణి కాదు. ఆయన చేసినట్టే చేయండి. జవాబును చేతితో చేసే పనిగా మార్చి ఇవ్వండి.

4. మీరు చెప్పబోయేది ఏ కాలంనాటి పాఠమో చూసుకోండి

అనుభవజ్ఞులం తప్పు చేసేది ఇక్కడే అని నా నమ్మకం. మనం నేర్చుకున్నది కంప్యూటర్ లేని పాత కార్బ్యురేటర్ బండ్ల మీద. అప్పట్లో నిజమైనవి కొన్ని ఇప్పుడు నష్టం చేస్తాయి, అయినా అదే ధీమాతో చెబుతూ ఉంటాం.

దిగుడులో న్యూట్రల్ చేస్తే పెట్రోలు మిగులుతుందన్నది వాటిలో మొదటిది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో, గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే కంప్యూటర్ ఇంధనాన్ని పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే మాత్రం ఇంజన్ ఆగిపోకుండా నడపడానికి కొంత పోస్తూనే ఉంటుంది. అంటే ఆ సలహా వల్ల పెట్రోలు మిగలదు, ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఘాట్ రోడ్డులో ఆ సలహా ప్రాణాంతకం. ఉదయం పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచాలన్నది రెండోది. అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే సరిపోతుంది. రేడియేటర్‌లో కుళాయి నీళ్ళు పోస్తే చాలన్నది మూడోది. అవి లోపల తుప్పు, పొలుసు పట్టిస్తాయి.

ఆయిల్ గురించి కూడా జాగ్రత్త. పాత కాలంలో చిక్కటి నూనె మంచిదనే అభిప్రాయం ఉండేది. ఇప్పటి చాలా పెట్రోలు ఇంజన్లకు 0డబ్ల్యూ-20 వంటి పలుచటి నూనె రాస్తున్నారు. మీకు ఏది ఇష్టమో చెప్పకండి, ఆ బండి పుస్తకంలో ఏ సంఖ్య ఉందో చూపించండి.

ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మీద కొత్తవారు చాలా ఆందోళనతో అడుగుతున్నారు. ఇక్కడ అతిశయోక్తి రెండు వైపులా వినిపిస్తోంది. ఒకే పరిమాణంలో తీసుకుంటే ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో ఉన్నదానికంటే సుమారు మూడోవంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. 2023 ఏప్రిల్ తరువాత తయారైన బండ్లు దానికి తట్టుకునే విడిభాగాలతో వస్తున్నాయి. అంతకు ముందరి బండి అయితే పుస్తకంలో, పెట్రోలు మూత దగ్గర ఏమి రాసి ఉందో చూడమనండి. రబ్బరు గొట్టాలు, సీళ్ళు సర్వీసింగ్‌లో పరీక్షింపజేయమనండి. ఇంతకుమించి భయపెట్టకండి, ఏమీ కాదని కొట్టిపారేయకండి.

5. "ఏ కారు కొనాలి?" అంటే మీ కారు పేరు చెప్పకండి

ముందు వారి జీవితం గురించి అడగండి. రోజుకు ఎంత దూరం తిరుగుతారు? ఇంట్లో మెట్లు ఎక్కలేని పెద్దలు ఉన్నారా? బండి నిలిపే చోటు ఎంత వెడల్పు? సర్వీస్ సెంటర్ ఉన్న ఊరు ఎంత దూరం? బడ్జెట్ అన్నది షోరూం ధరా, జీవిత పన్ను, బీమా కలిపినదా? ఈ చివరి ప్రశ్న అడగకపోతే లక్షల్లో తేడా వస్తుంది.

మీకు డీజిల్ అంటే ప్రాణం కావచ్చు. కానీ ఇంటి నుంచి ఆఫీసుకు ఆరు కిలోమీటర్లు వెళ్ళివచ్చే మనిషికి డీజిల్ చెప్పకండి. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్‌6 అనే కాలుష్య ప్రమాణంతో వస్తున్న డీజిల్ కార్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో వెళ్ళాలి. ట్రాఫిక్‌లోనే తిరిగితే ఫిల్టర్ మూసుకుపోయి దీపం వెలుగుతుంది, శుభ్రం చేయించడానికి ఖర్చవుతుంది. అదే ఏలూరు నుంచి వారానికి రెండుసార్లు హైదరాబాద్ వెళ్ళే మనిషికి డీజిల్ మంచి ఎంపిక. భద్రత గురించి అడిగితే, 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న భారత్ ఎన్‌క్యాప్ అనే కార్ల ఢీకొట్టే పరీక్షల ఫలితాల్లో పెద్దలకు, పిల్లలకు నక్షత్రాలు వేరువేరుగా ఇస్తారని చెప్పి, రెండూ చూడమనండి.

కొనేసినవారి విషయంలో పూర్తిగా నోరు కట్టుకోవాలి. చక్రాల కింద నిమ్మకాయలు, బోనెట్ మీద పూలదండ, పక్కన కుటుంబంతో ఫోటో పంపి "ఎలా ఉంది అన్నా?" అని అడుగుతారు. "దానికి బదులు ఫలానాది తీసుకోవలసింది" అనే మాట అప్పుడు ఏ ఉపయోగానికీ రాదు. బండి బాగుందని చెప్పి, మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజన్‌ను ఒకే వేగంతో గంటల తరబడి నడపవద్దని, గట్టిగా రేస్ చేయవద్దని, మొదటి సర్వీసింగ్ తప్పించవద్దని చెప్పండి. అదే వారికి కావలసింది.

6. మార్పులు చేయిస్తామంటే చట్టం, కారణం రెండూ చెప్పండి

కుర్రవాళ్ళు పెద్ద శబ్దం వచ్చే సైలెన్సర్ గురించో, ముందు ఇనుప గార్డు గురించో అడిగినప్పుడు పెద్దరికంతో మందలిస్తే వారు వినరు, చేయించుకుని వచ్చి చూపిస్తారు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉందని, తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పిందని వివరించండి. ఆ తరువాత అసలు కారణం చెప్పండి. బంపర్ ముందు ఇనుప గార్డు బిగిస్తే, ఢీకొన్నప్పుడు నలిగి దెబ్బను తనలోకి తీసుకోవలసిన భాగం ఆ పని చేయలేదు, దెబ్బ నేరుగా ఛాసిస్‌కు వెళుతుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవలసిన సమయం తప్పవచ్చు. గార్డుకు తగిలిన పాదచారి బతకడం కష్టం. కారణం విన్న కుర్రవాడు గార్డు విప్పించేయడం నేను చూశాను.

7. తెలియనిచోట ఆగండి, తరువాత ఏమైందో కనుక్కోండి

బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగులు, ఎలక్ట్రిక్ కార్లలో ఎక్కువ వోల్టేజీ ఉండే నారింజ రంగు తీగలు. వీటి జోలికి ఫోన్‌లో వెళ్ళకండి. "నాకు తెలియదు, చూపించుకోండి" అనండి. అలా పంపేటప్పుడు షెడ్డులో ఎలా మాట్లాడాలో కూడా చెప్పి పంపండి. లక్షణం చెప్పాలి, రోగం పేరు చెప్పకూడదు. "బ్రేకు ప్యాడ్లు మార్చండి" అంటే మార్చేస్తారు. "బ్రేకు వేస్తే ఎడమవైపు లాగుతోంది" అంటే వెతుకుతారు. పని మొదలుపెట్టకముందే అంచనా అడగాలి, తీసేసిన పాత భాగం చూపించమనాలి.

మరుసటి రోజు మీరే ఫోన్ చేసి ఏమి తేలిందో అడగండి. మీ ఊహ తప్పయితే, ఎవరి ముందు ఊహించారో వారందరి ముందే ఆ మాట చెప్పండి. గత వేసవిలో ఒక ఉపాధ్యాయురాలు ఉదయం బండి స్టార్ట్ కావడం లేదని అడిగితే, బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయి ఉంటుందని నేను అన్నాను. షెడ్డుకు వెళ్ళాక తెలిసింది, బ్యాటరీ టెర్మినల్ బోల్టు వదులై తెల్లటి పూత పట్టింది. శుభ్రం చేసి బిగించడానికి పది నిమిషాలు పట్టింది. ఆ సాయంత్రమే మా అందరికీ ఆ సంగతి రాశాను, ఫోటోతో సహా. నెల తిరగకముందే మరొకరి బండి అలాగే మొరాయించింది. ఈసారి ఆయనకు జవాబు ఇచ్చింది ఆ టీచరుగారే: "ముందు బోనెట్ ఎత్తి టెర్మినల్ కదులుతోందేమో చూడండి."